లాట్ ఉంది, లిస్టులో లేదు: ఇగ్నైట్ క్వెరీ ఖాళీగా వస్తే ఎక్కడ వెతకాలి

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకీ కమీషన్ కొట్లకీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి సీజన్‌లో తప్పకుండా వచ్చే ఫోన్ ఒకటుంది. "ఏవండీ, పొద్దున 60 టిక్కీల తేజ ఎక్కించాం గదా, లిస్టులో చూస్తే ఏమీ రావట్లేదేంటండీ?" అని గుమస్తా అడుగుతాడు. (టిక్కీ అంటే మిర్చి బస్తా, తేజ ఒక మిర్చి రకం, ఒకసారి వచ్చిన సరుకు ఒక లాట్.) లాగ్ తెరిస్తే ఎర్రర్ ఉండదు. క్వెరీ నడిచింది, సున్నా వరుసలు తెచ్చింది, అంతే. మామూలు డేటాబేస్‌లో అయితే వరుస ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. డేటాబేస్ ముందు అపాచీ ఇగ్నైట్ లాంటి డిస్ట్రిబ్యూటెడ్ క్యాష్ (డేటాని నోడ్లు అనే చాలా ప్రాసెస్‌ల మెమరీలో పంచి ఉంచేది, ఆ నోడ్ల గుంపే క్లస్టర్) పెట్టుకున్నచోట అలా కాదు. సరుకు లోపలే ఉన్నా టేబుల్‌కి కనపడకపోవచ్చు, పక్క నోడ్‌లో ఉండిపోవచ్చు, అసలు వేరే క్లస్టర్‌లోనే పడి ఉండొచ్చు. (యార్డులో క్యాష్ అంటే నోట్ల కట్టలు. ఇక్కడ మాట్లాడేది మెమరీ గురించి.)

ఇక్కడి వివరాలు ఇగ్నైట్ 2 సిరీస్‌వి. ఉదాహరణకి లాట్ అనే జావా క్లాసు తీసుకుందాం: లాట్ నంబరు, రకం, ఊరు, టిక్కీల సంఖ్య, రైతు ఐడీ, స్థితి, వచ్చిన సమయం. మెథడ్ల పేర్లు తెలుగులో రాస్తున్నాం, కోడ్‌లో మాత్రం వాటి ఇంగ్లీషు స్పెల్లింగే వాడాలి.

ముందు మూడు అంకెలు

క్వెరీని మార్చి మార్చి నడపడం మొదలుపెడితే సాయంత్రమైపోతుంది. దాన్ని పక్కనపెట్టి మూడు లెక్కలు తీయండి. అవి కూడా మీ ల్యాప్‌టాప్ నుంచి తీయకూడదు. తేడా చూపిస్తున్న ఆ అప్లికేషన్ నుంచే, దాని కాన్ఫిగరేషన్‌తోనే తీయాలి.

మొదటిది, క్యాష్ మీద సైజ్ మెథడ్. ఏ ఆర్గ్యుమెంటూ ఇవ్వకపోతే అన్ని నోడ్లలోని ప్రైమరీ కాపీలను (ఒక్కో ఎంట్రీకి అసలు కాపీ, బ్యాకప్‌లు కాదు) లెక్కపెడుతుంది. రెండోది, ఏ ఫిల్టరూ లేని స్కాన్ క్వెరీ (క్యాష్‌లోని ఎంట్రీలన్నిటినీ నేరుగా చదివేది) ఎన్ని ఎంట్రీలు తిరిగిచ్చిందో. మూడోది, ఎస్‌క్యూఎల్‌లో సెలెక్ట్ కౌంట్ స్టార్, వేర్ కండిషన్ లేకుండా.

మూడూ సున్నా అయితే డేటా రాలేదు, లేదా వచ్చి పోయింది, లేదా మీరు చూస్తున్న క్లస్టర్ వేరు. మొదటి రెండూ నిండుగా ఉండి ఎస్‌క్యూఎల్ మాత్రం సున్నా అంటే గొడవ టేబుల్‌కీ క్లాసుకీ మధ్య ఉంది. మూడూ సమానంగా ఉండి, వేర్ పెట్టగానే ఖాళీ అయితే కండిషన్‌ని అనుమానించాలి. జాయిన్ పెట్టినప్పుడే ఖాళీ అయితే అది ఇంకో కథ, చివర్లో చూద్దాం.

సైజ్ ఉంది, ఎస్‌క్యూఎల్ సున్నా

ఎక్కువమంది తల పట్టుకునేది దీని దగ్గరే. ఇగ్నైట్‌లో క్యాష్ వేరు, దానిమీద కనపడే ఎస్‌క్యూఎల్ టేబుల్ వేరు. క్యాష్‌లో ఏ రకం ఆబ్జెక్ట్ పెట్టినా తీసుకుంటుంది. ఆ ఆబ్జెక్ట్ టైప్ పేరు టేబుల్‌కి చెప్పిన వాల్యూ టైప్ పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే అది టేబుల్‌లో వరుసగా కనపడుతుంది. కలవకపోతే పుట్ మెథడ్ ఏ ఎక్సెప్షనూ వేయకుండా పని పూర్తిచేస్తుంది, గెట్ చేస్తే విలువ వస్తుంది, ఎస్‌క్యూఎల్‌కి మాత్రం ఆ ఎంట్రీ లేనట్టే.

దీన్ని కళ్లతో చూసి తేల్చుకోవాలి. విత్‌కీప్‌బైనరీ మోడ్‌లో (విలువని క్లాసుగా మార్చకుండా బైనరీగానే ఇచ్చేది) స్కాన్ క్వెరీ నడిపి, మొదటి ఎంట్రీలో విలువ తాలూకు టైప్ పేరు ప్రింట్ చేయండి. దాంతోపాటు కీ ఏ క్లాసుదో కూడా ప్రింట్ చేయండి. తర్వాత ఎస్‌క్యూఎల్‌లైన్ అనే కమాండ్ లైన్ టూల్‌తో కనెక్ట్ అయి, సిస్ స్కీమాలోని టేబుల్స్ వ్యూలో టేబుల్ పేరు, స్కీమా పేరు, క్యాష్ పేరు, కీ టైప్, వాల్యూ టైప్ కాలమ్‌లు చూడండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే తేడా వెంటనే దొరుకుతుంది. కొత్త వెర్షన్లయితే సర్వర్ నోడ్ లాగ్‌లో "కీ వాల్యూ జత ఏ ఎస్‌క్యూఎల్ టేబుల్‌లోనూ చేరలేదు" అనే అర్థం వచ్చే హెచ్చరిక కూడా పడుతుంది. కానీ అది వార్నింగ్ స్థాయిలో ఉంటుంది. లాగ్‌ని ఎర్రర్లకే పరిమితం చేసుకున్నవాళ్లకి కనపడదు.

తేడా ఎక్కడెక్కడ వస్తుందంటే:

క్రియేట్ టేబుల్‌తో టేబుల్ చేసి, వాల్యూ టైప్ చెప్పకుండా వదిలేయడం. అప్పుడు ఇగ్నైట్ తనే ఓ పేరు పుట్టిస్తుంది: ఎస్‌క్యూఎల్, పబ్లిక్, టేబుల్ పేరు, వెనక ఓ పొడవాటి యూయూఐడీ. మీ జావా క్లాసు పేరు దానితో ఎప్పటికీ కలవదు. ఇన్సర్ట్ స్టేట్‌మెంట్‌తో పెట్టినవి కనపడతాయి, పుట్‌తో పెట్టినవి కనపడవు. క్రియేట్ టేబుల్ చివర విత్ క్లాజ్‌లో వాల్యూ టైప్‌గా ప్యాకేజీతో సహా పూర్తి క్లాసు పేరు, దాంతోపాటు క్యాష్ పేరు ఇవ్వండి. క్యాష్ పేరు ఇవ్వకపోతే డిఫాల్ట్‌గా ఎస్‌క్యూఎల్, పబ్లిక్, టేబుల్ పేరు అండర్‌స్కోర్లతో కలిసి వస్తుంది.

రెండు సర్వీసుల్లో రెండు లాట్ క్లాసులు ఉండటం. బిల్లింగ్ సర్వీస్‌లో ఒక ప్యాకేజీ, యార్డ్ సర్వీస్‌లో ఇంకో ప్యాకేజీ. క్లాసు ఒకటే అనుకుంటాం గానీ ఇగ్నైట్‌కి పూర్తి పేరే లెక్క. క్లాసుని ఒక ఉమ్మడి జార్‌లో పెట్టి రెండు సర్వీసులూ అదే వాడితే ఈ బాధ పోతుంది. బైనరీ ఆబ్జెక్ట్ బిల్డర్ వాడేవాళ్లు బిల్డర్‌కి ఇచ్చే టైప్ పేరు కూడా అదే పూర్తి పేరు కావాలి.

కీ రకం. టేబుల్‌లో ప్రైమరీ కీ బిగ్‌ఇంట్ అయితే క్యాష్ కీ లాంగ్. జేసన్‌ని మ్యాప్‌గా చదివిన జాక్సన్ అనే జావా లైబ్రరీ, చిన్న సంఖ్యల్ని ఇంటీజర్‌గా ఇస్తుంది. దాన్ని అలాగే కీగా పెట్టేస్తే టేబుల్‌లోకి రాదు, లాంగ్‌తో గెట్ చేసినా నల్ వస్తుంది. పెద్ద నంబర్లయితే అదే జాక్సన్ లాంగ్ ఇస్తుంది కాబట్టి కొన్ని లాట్లు కనపడి కొన్ని కనపడకపోవడం అనే వింత కూడా జరుగుతుంది.

సెట్‌ఇండెక్స్‌డ్‌టైప్స్‌ జతలు. ఇవి కీ, వాల్యూ, కీ, వాల్యూ వరసలో ఉండాలి. ఇక్కడ రాసే కీ క్లాసూ, నిజంగా పెడుతున్న కీ క్లాసూ ఒకటేనా అని చూడండి.

ఇంకో తిప్పలు: ఒకే పేరుతో రెండు టేబుళ్లు. సెట్‌ఇండెక్స్‌డ్‌టైప్స్‌తో వచ్చిన టేబుల్ క్యాష్ పేరుతో ఉన్న స్కీమాలో ఉంటుంది, క్రియేట్ టేబుల్‌తో చేసింది పబ్లిక్ స్కీమాలో. జేడీబీసీ థిన్ డ్రైవర్ డిఫాల్ట్‌గా పబ్లిక్‌లో చూస్తుంది. అప్పుడెప్పుడో పరీక్షకి చేసిన ఖాళీ లాట్ టేబుల్ పబ్లిక్‌లో మిగిలిపోయి ఉంటే ఎర్రర్ రాదు, సున్నా వస్తుంది. స్కీమా పేరుని డబుల్ కోట్స్‌లో, పెద్ద చిన్న అక్షరాలు సరిగ్గా చూసుకుని, టేబుల్ పేరు ముందు రాసి నడపండి.

తప్పు దొరికింది, కోడ్ దిద్దారు, మళ్లీ నడిపారు, అయినా ఖాళీయే. దీనికి కారణాలు రెండు. గెట్‌ఆర్‌క్రియేట్‌క్యాష్ అనేది క్యాష్ లేనప్పుడే మీ కాన్ఫిగరేషన్ చదువుతుంది. ఆ పేరుతో ఇప్పటికే ఉంటే కొత్త సెట్టింగ్ పట్టించుకోకుండా పాతదాన్నే ఇస్తుంది. పెర్సిస్టెన్స్ (డేటాని డిస్క్ మీద కూడా దాచడం) ఉంటే పాత కాన్ఫిగరేషన్ డిస్క్ మీదే కూర్చుని ఉంటుంది, రీస్టార్ట్‌కి కూడా లొంగదు. రెండోది, పాత టైప్‌తో పెట్టిన ఎంట్రీలు మీరు కోడ్ దిద్దినంత మాత్రాన మారవు. మూల డేటాబేస్‌లో అంతా ఉందని నిర్ధారించుకున్నాక క్యాష్‌ని డిస్ట్రాయ్ చేసి, మళ్లీ సృష్టించి, డేటా తిరిగి ఎక్కించాలి. కాలమ్ ఒకటి కలపడమే పని అయితే ఆల్టర్ టేబుల్ చాలు.

మూడూ సున్నా అయితే

నోడ్ లాగ్‌లో టోపాలజీ స్నాప్‌షాట్ అనే లైన్ వెతకండి. అందులో సర్వర్స్ ఎన్ని, క్లయింట్స్ ఎన్ని అని ఉంటుంది. మూడు సర్వర్లు ఉండాల్సిన చోట ఒక్కో లాగ్‌లోనూ సర్వర్స్ 1 అని కనపడితే మీకున్నది ఒక క్లస్టర్ కాదు, మూడు. డిస్కవరీ (నోడ్లు ఒకదాన్నొకటి కనుక్కోవడం) డిఫాల్ట్‌గా మల్టీకాస్ట్ మీద నడుస్తుంది, క్లౌడ్ నెట్‌వర్క్‌లలో మల్టీకాస్ట్ సాధారణంగా వెళ్లదు. దీనికి రివర్స్ కూడా ఉంది: విజయవాడలో ఒకే ఆఫీసు వైఫై మీద నలుగురు డెవలపర్లు డిఫాల్ట్ సెట్టింగ్‌తో నోడ్లు లేపితే నాలుగూ కలిసిపోయి ఒకే క్లస్టర్ అవుతాయి, ఒకరు క్లియర్ చేస్తే అందరిదీ పోతుంది. రెండింటికీ మందు ఒకటే. టీసీపీ డిస్కవరీ వీఎం ఐపీ ఫైండర్ పెట్టి అడ్రసులు చేత్తో రాయండి, పోర్ట్ రేంజ్ 47500 నుంచి 47509 వరకు ఇవ్వండి. ఫైర్‌వాల్‌లో డిస్కవరీకి 47500, కమ్యూనికేషన్‌కి 47100, థిన్ క్లయింట్లకి 10800 తెరవాలి.

అప్లికేషన్ నోడ్‌ని క్లయింట్ మోడ్‌లో లేపడం మర్చిపోతే అది కూడా సర్వరై డేటాలో వాటా మోస్తుంది. క్యాష్ మోడ్ డిఫాల్ట్ పార్టిషన్డ్ (డేటాని పార్టిషన్లు అనే ముక్కలుగా నోడ్లకి పంచేది), బ్యాకప్‌లు డిఫాల్ట్ 0. డిప్లాయ్‌మెంట్ కోసం ఆ అప్లికేషన్‌ని ఆపిన మరుక్షణం దాని వాటా లాట్లు మాయం. ఇన్-మెమరీ క్యాష్‌లో పార్టిషన్ లాస్ పాలసీ డిఫాల్ట్ ఇగ్నోర్ కాబట్టి ఎవరూ అరవరు కూడా. బ్యాకప్‌లు కనీసం 1 పెట్టి, పాలసీని రీడ్ రైట్ సేఫ్ చేయండి. అప్పుడు పోయిన పార్టిషన్ ముట్టుకుంటే ఖాళీ బదులు ఎక్సెప్షన్ వస్తుంది. గుమస్తాకి తప్పు లిస్టు చూపించడం కన్నా ఎర్రర్ చూపించడమే నయం.

డేటా స్ట్రీమర్‌తో (డేటాని పెద్దమొత్తంలో ఎక్కించే ఇగ్నైట్ సాధనం) ఎక్కిస్తున్నారా? ఒక్కో నోడ్‌కి బఫర్ డిఫాల్ట్ 512 ఎంట్రీలు, ఆటో ఫ్లష్ ఫ్రీక్వెన్సీ డిఫాల్ట్ 0, అంటే దానంతటది ఫ్లష్ కాదు. 200 వరుసల పరీక్ష ఫైల్ పంపి, క్లోజ్ చేయకుండా కౌంట్ చూస్తే సున్నాయే. ట్రై విత్ రిసోర్సెస్‌లో స్ట్రీమర్‌ని తెరవండి, కౌంట్ చూసేది ఆ బ్లాక్ బయట. దీంట్లోనే ఇంకో మెలిక: అలౌ ఓవర్‌రైట్ డిఫాల్ట్ ఫాల్స్. అప్పటికే ఉన్న కీకి కొత్త విలువ పంపితే నిశ్శబ్దంగా పక్కన పడేస్తుంది. లాట్ అమ్ముడైపోయినా స్థితి "వచ్చింది" దగ్గరే ఆగిపోయి, "అమ్ముడైనవి" లిస్టు ఖాళీగా వస్తుంటే ఇదే చూడండి.

క్యాష్ స్టోర్, రీడ్ త్రూ (క్యాష్‌లో లేనిదాన్ని డేటాబేస్ నుంచి తెచ్చే ఏర్పాటు) పెట్టుకున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: గెట్ మాత్రమే డేటాబేస్ దాకా వెళ్తుంది. ఎస్‌క్యూఎల్ క్వెరీ గానీ స్కాన్ క్వెరీ గానీ మెమరీలో ఉన్నదే చూస్తుంది. రీస్టార్ట్ అయ్యాక డేటాబేస్ నుంచి క్యాష్ నింపే లోడ్‌క్యాష్ పిలవకపోతే, ఒక్కో లాట్ నంబరు కొట్టి చూస్తే వస్తుంది, లిస్టు మాత్రం ఖాళీ.

క్వెరీ మీద సెట్‌లోకల్ ట్రూ ఉందేమో కూడా ఓ కన్నేయండి. లోకల్ క్వెరీ ఆ ఒక్క నోడ్‌లో ఉన్నదే చూస్తుంది, మిగతా నోడ్లలోని లాట్లు రావు. ఎక్స్‌పైరీ పాలసీ (గడువు తీరితే తీసేసేది), పేజ్ ఎవిక్షన్ మోడ్ (మెమరీ నిండితే తీసేసేది) ఈ రెండూ కాన్ఫిగరేషన్‌లో ఎవరో పెట్టి వదిలేసి ఉంటే సాయంత్రానికి పొద్దుటి లాట్లు జారిపోతాయి.

వేర్ పెడితేనే ఖాళీ

ముందు నల్ సంగతి. క్రియేట్ టేబుల్‌లో కాలమ్ పేరు లాట్, అండర్‌స్కోర్, నో. క్లాసులో ఫీల్డ్ అండర్‌స్కోర్ లేకుండా లాట్‌నో. పెద్ద చిన్న అక్షరాల తేడాని ఇగ్నైట్ పట్టించుకోదు గానీ అండర్‌స్కోర్‌ని పట్టించుకుంటుంది. వరుస వస్తుంది, కౌంట్ సరిపోతుంది, ఆ కాలమ్ మాత్రం అన్నిట్లో నల్. దానిమీద వేర్ పెడితే ఖాళీ కాక ఏమవుతుంది! అందుకే కౌంట్‌తో ఆగకుండా ఒక వరుస పూర్తిగా తెచ్చి కాలమ్‌లన్నీ చూడాలి. అలాగే స్థితి "అమ్ముడైంది" కానివి కావాలని నాట్ ఈక్వల్ పెడితే, స్థితి నల్ ఉన్న లాట్లు రావు. నాట్ ఇన్ లోపలి సబ్‌క్వెరీలో ఒక్క నల్ దొర్లినా మొత్తం ఫలితం ఖాళీ. ఇది ఎస్‌క్యూఎల్ పాత రోగమే, క్యాష్ తప్పు కాదు.

ఇంగ్లీషు డాక్యుమెంటేషన్‌లో ఎక్కడా దొరకనిది, మనకి మాత్రం రోజూ తగిలేది తెలుగు అక్షరాల గొడవ. రకం "ఆర్మూర్" అని వెతికితే ఏమీ రాదు, స్క్రీన్ మీద మాత్రం "ఆర్మూర్" అని స్పష్టంగా ఉంటుంది. ఆ కాలమ్ మీద లెంగ్త్ ఫంక్షన్ నడపండి. ఆర్మూర్‌కి 7 రావాలి: ఆ, ర, పొల్లు, మ, ఊకారం, ర, పొల్లు. 8 వచ్చిందంటే చివర పొల్లు వెనక కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి కూర్చుంది, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. కొన్ని కీబోర్డులూ, పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లూ దాన్ని వదిలిపోతాయి. పదం చివర ఉంటే కంటికి ఏ తేడా తెలీదు.

ఊరి పేర్లలో ఐత్వం ఇంకో ఉచ్చు. మైలవరంలోని ఐత్వం ఒకే అక్షరంగా 0సీ48 అని ఉండొచ్చు, లేదా ఎత్వం 0సీ46, దాని కింద ఐత్వపు గుర్తు 0సీ56 అని రెండుగా ఉండొచ్చు. చూడ్డానికి రెండూ ఒకటే. లెంగ్త్ మాత్రం మొదటిదానికి 6, రెండోదానికి 7. జావాలో నార్మలైజర్ క్లాసుతో ఎన్‌ఎఫ్‌సీ (విడి గుర్తుల్ని కలిపి ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేస్తే రెండోది మొదటిదానిలా మారుతుంది. అయితే ఎన్‌ఎఫ్‌సీ 200సీని తీసేయదు, దాన్ని విడిగా రీప్లేస్ చేయాలి. ఎక్సెల్ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే నాన్ బ్రేకింగ్ స్పేస్ 00ఏ0ని ట్రిమ్ తీయదు, స్ట్రిప్ కూడా తీయదు, అదీ విడిగానే.

ఈ శుభ్రం రాసేటప్పుడూ వెతికేటప్పుడూ రెండుచోట్లా ఒకే ఫంక్షన్‌తో జరగాలి. పదం మధ్యలో ఉన్న 200సీ తీస్తే ఒత్తు పడి రూపం మారిపోతుంది. కాబట్టి చూపించే కాలమ్‌ని టైప్ చేసినట్టే ఉంచి, వెతకడానికి శుభ్రం చేసిన కాలమ్ వేరే పెట్టుకోండి. అసలు మిర్చి రకాల్లాంటి పరిమితమైన జాబితాని అక్షరాలతో వెతకడమే అనవసరం. తేజకి ఒక కోడ్, 334కి ఒక కోడ్, తాలుకి ఒక కోడ్ ఇచ్చి కోడ్‌తో వెతికితే ఈ బెడద సగం తగ్గుతుంది. ఊళ్లకీ రైతుల పేర్లకీ అది కుదరదు.

తేదీ. వచ్చిన సమయం టైమ్‌స్టాంప్ అయితే దాన్ని ఈక్వల్‌తో తేదీకి పోలిస్తే అర్ధరాత్రి సరిగ్గా 12కి వచ్చిన లాటే దొరుకుతుంది. ఇవాళ్టి మొదలు దానికి సమానం లేదా ఎక్కువ, రేపటి మొదలు కన్నా తక్కువ అని రాయాలి. టైమ్‌జోన్ కూడా చూడాలి: యూటీసీలో నడిచే సర్వర్‌కి మన అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 వరకు ఇంకా నిన్నే. సరిగ్గా రాత్రివేళ లారీల్లో దిగే సరుకే ఆ లిస్టులోంచి జారిపోతుంది. అన్ని నోడ్లకీ, క్లయింట్లకీ జేవీఎం టైమ్‌జోన్ ఏషియా కోల్‌కతా అని ఒకటే ఇవ్వండి.

జాయిన్ పెడితేనే ఖాళీ

లాట్ టేబుల్‌నీ రైతు టేబుల్‌నీ రైతు ఐడీ మీద కలిపారు. ల్యాప్‌టాప్‌లో చక్కగా వచ్చింది, సర్వర్‌లో ఒక రైతుకి వస్తుంది, ఇంకో రైతుకి రాదు. ఇగ్నైట్ డిఫాల్ట్‌గా ఒక్కో నోడ్‌లో ఉన్న డేటాని ఆ నోడ్‌లోనే కలుపుతుంది. లాట్ ఒక నోడ్‌లో, దాని రైతు ఇంకో నోడ్‌లో ఉంటే ఆ జత దొరకదు, ఎర్రర్ కూడా రాదు. రెండు నోడ్లుంటే దాదాపు సగం వరుసలు పోతాయి, నాలుగుంటే దాదాపు నాలుగో వంతే మిగులుతాయి. ఒకే రైతుని వెతికే క్వెరీకి అది ఖాళీగా కనపడుతుంది.

రైతు టేబుల్ చిన్నదైతే దాన్ని రెప్లికేటెడ్ (ప్రతి నోడ్‌లో పూర్తి కాపీ) చేసేయండి, పని అయిపోతుంది. పెద్దదైతే లాట్ కీ క్లాసులో రైతు ఐడీ కూడా చేర్చి దానిమీద అఫినిటీ కీ మ్యాప్డ్ అనోటేషన్ పెట్టాలి, అప్పుడు లాట్, దాని రైతు ఒకే నోడ్‌లో పడతాయి. క్రియేట్ టేబుల్ అయితే విత్ క్లాజ్‌లో అఫినిటీ కీ ఇవ్వాలి, ఆ కాలమ్ ప్రైమరీ కీలో భాగం అయి ఉండాలి. రెండు క్యాష్‌ల పార్టిషన్ల సంఖ్య కూడా ఒకటే ఉండాలి, డిఫాల్ట్ 1024. ఇది పాత డేటాకి వర్తించదు, మళ్లీ ఎక్కించాల్సిందే. సెట్‌డిస్ట్రిబ్యూటెడ్‌జాయిన్స్ ట్రూ పెడితే వెంటనే సరైన ఫలితం వస్తుంది గానీ నోడ్ల మధ్య రాకపోకలు పెరిగి నెమ్మదిస్తుంది. తప్పు ఇదేనా అని తేల్చుకోవడానికి మాత్రం దాన్ని మించిన పరీక్ష లేదు: అది పెట్టగానే వరుసలు వచ్చాయంటే సమస్య కోలొకేషనే, అంటే కలవాల్సినవి ఒకే నోడ్‌లో లేకపోవడమే.

ఒక్క నోడ్ మీద ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. కాబట్టి ల్యాప్‌టాప్‌లో కూడా రెండు సర్వర్ నోడ్లు లేపి పరీక్షించండి. 47500 ఖాళీ లేకపోతే రెండోది 47501కి దానంతటదే వెళ్తుంది. టోపాలజీ స్నాప్‌షాట్‌లో సర్వర్స్ 2 అని చూసుకున్నాకే జాయిన్ క్వెరీ నడపండి.